తాత పేరే మనవడికి

మా ఇళ్ళలో తండ్రివైపు వంశం నోటికి వచ్చేది మూడు తరాల వరకే. తర్పణం వదిలేటప్పుడు తండ్రిని వసురూపంగా, తాతను రుద్రరూపంగా, ముత్తాతను ఆదిత్యరూపంగా తలుస్తారు. కన్యాదాన సమయంలో పురోహితుడు ప్రవర చదువుతూ వరుణ్ణి ఫలానావారి ‘నప్త్రే, పౌత్రాయ, పుత్రాయ’ అని పరిచయం చేసేదీ ముత్తాత నుంచే. ఆ పైవాడెవరని అడిగితే మా పెదనాన్నగారంతటి జ్ఞాపకశక్తి గలవారు కూడా గోత్రం చెప్పి ఊరుకుంటారు. గోత్రం ఏకంగా ఋషి దగ్గరకు చేరుస్తుంది కానీ, ఆ ఋషికీ మనకూ నడుమ బతికిన మనుషులెవరో దానివల్ల తెలియదు.

మా వంశవృక్షం రాద్దామని వెతుకుతుంటే ఆ నడిమి మనుషుల్లో కొందరైనా నాకు దొరికింది భూమి కాగితాల్లో. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను నియమించి, ఎవరి చేతిలో ఏ మాన్యం (శిస్తు మాఫీతోనో తగ్గింపుతోనో ఇచ్చిన ఇనాం భూమి) ఏ హక్కుతో ఉందో విచారణ జరిపించింది. ఆ విచారణ ఫలితమైన ఇనాం రిజిస్టరులో మాన్యం మొదట పొందినవాడి పేరు, అప్పటి అనుభవదారు పేరు, ఇద్దరికీ ఉన్న చుట్టరికం రాశారు కనుక ఒక్క పుటలోనే కొన్ని తరాలు కనబడతాయి. సంవత్సరాలు పసలీలో, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరాల్లో ఉంటే, మన క్యాలెండరు సంవత్సరం కోసం 590 కలుపుకోవాలి. 1270 పసలీ అంటే 1860-61.

అసలు చిక్కంతా పేర్లతోనే. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం మన ఆనవాయితీ కాబట్టి వెంకయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు మళ్ళీ వెంకయ్య అవుతాడు. అన్నదమ్ములు నలుగురూ తండ్రి పేరే తమ పెద్దకొడుకులకు పెట్టుకుంటే ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకయ్యలు తేలతారు. తండ్రుల పేర్లూ ఇలాగే తరాలు మారి తిరిగి వస్తాయి కనుక, తండ్రి పేరు చూసి విడదీయాలంటే చాలాసార్లు కుదరదు. అలాంటప్పుడు నాకు అక్కరకొచ్చినవి పాత క్రయ దస్తావేజుల్లోని చెక్కుబందీలు, అంటే పొలానికి నాలుగు వైపులా ఉన్న హద్దుల వివరాలు. పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి కనుక, తూర్పు హద్దులోనో దక్షిణపు హద్దులోనో పేరున్నవాడు సాధారణంగా దాయాదే అయ్యుంటాడు. ఒకే దస్తావేజులో అమ్మినవాడుగా ఒక వెంకయ్య, హద్దుదారుగా మరో వెంకయ్య కనిపిస్తే వాళ్ళిద్దరూ వేర్వేరు మనుషులని తేలిపోతుంది.

ఇలా కూర్చుకుంటూ పోగా ఒకచోట ‘దత్తపుత్రుడు’ అన్న మాట తగిలింది. సంతానం లేని మా పూర్వీకుడొకరు భార్య తరఫు బంధువుల పిల్లవాణ్ణి పెంచుకున్నారు. దత్తహోమంతో ఆ పిల్లవాడి గోత్రం, ఇంటిపేరు మారిపోయాయి, మాన్యమూ ఆయనకే వచ్చింది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోము పరీక్ష ఇప్పుడు చేయిస్తే మాత్రం ఫలితం ఆయన కన్నతండ్రి వంశానికే దారి తీస్తుంది. నేను వంశవృక్షంలో పెంచినవారి కిందే ఆయనను రాశాను. ఆ ఇంట పిండం పెట్టినవాడు ఆయనే కదా!

ఆడపిల్లల విషయంలో పెదనాన్నగారికీ నాకూ ఇంకా పొత్తు కుదరలేదు. వేరే గోత్రానికి వెళ్ళినవారి పేర్లు వంశవృక్షంలో ఎందుకని ఆయన వాదన. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది 1985 నుంచి. 2005లో కేంద్ర సవరణతో ఆ పెళ్ళి షరతూ పోయింది. వాటాకు పనికొచ్చిన పేరు చెట్టులో పనికిరాదనడం నాకు సబబుగా తోచలేదు. తెలిసినంతవరకు కూతుళ్ళందరినీ చేర్చి, వాళ్ళ పిల్లల దగ్గర గీత ఆపాను. అక్కడినుంచి కాగితాలు వేరే తాలూకాల్లో వెతకాలి.