మిన్నేరియా చెరువు ఒడ్డున ఆ సాయంత్రం

శ్రీలంక నుంచి వచ్చి వారమైంది. కళ్లు మూసుకుంటే ఇంకా ఆ ఏనుగులే.

మిన్నేరియా నేషనల్ పార్కులోని పెద్ద చెరువు 3వ శతాబ్దంలో మహాసేన మహారాజు కట్టించింది. ఎండాకాలం ముదిరి ఆగస్టు వచ్చేసరికి నీళ్లు వెనక్కి తగ్గి, బయటపడ్డ నేలంతా లేత గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగులన్నీ అక్కడికే చేరతాయి. మా జీపు చెట్లు దాటి మైదానంలోకి రాగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎనభై దాటాక ఆపేశాను.

మాకు దగ్గర్లో ఒక తల్లి ఏనుగు ముందుకాలి గోళ్లతో నేలను తన్ని, పొట్టి గడ్డిని వేళ్లతో సహా లేపి, తొండంతో పోగుచేసి, మట్టి రాలేదాకా కాలికేసి కొట్టి అప్పుడు నోట్లో పెట్టుకుంది. అచ్చం మా అమ్మమ్మ తోటకూర కట్ట దులిపినట్టే! పక్కనే గున్న కూడా అలాగే చేయబోయింది. తొండం మాట వినలేదు, గడ్డి జారిపోయింది. చివరికి అమ్మ నోట్లోంచే లాక్కుంది.

ఒక్కటే బాధ. ఫోటోల కోసం మూడు జీపులు ఆ తల్లీపిల్లలకు మరీ దగ్గరగా వెళ్లాయి. తల్లి చెవులు విప్పి నిలబడిపోయింది. నాకు చాలా టెన్షన్ వేసింది. మా డ్రైవరు మాత్రం వెంటనే ఇంజన్ ఆపేసి, "మనం ఇక్కడే ఉందాం సార్" అన్నాడు. ఆయనకు దండం పెట్టాలనిపించింది.

ఇంకో దిగులు కూడా ఉంది. ఎగువన మొరగహకంద జలాశయం నుంచి ఎండాకాలంలో నీళ్లు వదిలితే ఈ గడ్డినేల మునిగిపోతుంది. ఈమధ్య కొన్నేళ్లు అలాగే జరిగి ఏనుగులకు మేత కరువైంది. పొలాలకూ నీళ్లు కావాలి, నిజమే. కానీ ఆ గున్నకు గడ్డి పీకడం ఇంకా రానే లేదు.