ఓడిపోయింది మేమా, మనమా?

"మేము ఓడిపోయాం నాన్నా."

2021 జులై 11, ఆదివారం. రాత్రి పదకొండు కావస్తోంది. యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో ఇంగ్లండ్ ఇటలీ చేతిలో ఓడిపోయింది. మా తొమ్మిదేళ్ళవాడు సోఫా మూలకి ముడుచుకుపోయి ఈ మాటన్నాడు. బుగ్గల మీద వాళ్ళమ్మ వేసిన తెల్లరంగు, ఎర్ర శిలువ కన్నీళ్ళకి కరిగి గడ్డం దాకా గులాబీ చారలు కట్టాయి. తెల్లటి ఇంగ్లండ్ జెర్సీ మీద మధ్యాహ్నం తిన్న పులిహోర మరక. ఓదార్చాల్సింది పోయి నేను 'మేము' దగ్గర ఆగిపోయాను.

ఇక్కడ పుట్టిన పిల్లలకి మేముకీ మనానికీ తేడా ఒక పట్టాన అంతుపట్టదు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాటయ్యె. "మేము గుడికి ఎప్పుడెళ్తాం నాన్నా?" అంటాడు. "ఏం, నన్ను తీసుకెళ్ళవా?" అని ఏడిపిస్తుంటాను. ఆ రాత్రి మాత్రం అనుమానం వచ్చింది, వీడు తెలియకన్నాడా, తెలిసే అన్నాడా అని. సాయంత్రం నుంచీ నా మాటలు అలా ఉన్నాయి మరి. రెండో నిమిషంలోనే ల్యూక్ షా గోల్ కొట్టి వీడు గంతులేస్తుంటే "వీళ్ళు అప్పుడే కొట్టేశారే!" అన్నాను. 67వ నిమిషంలో ఇటలీ బొనూచి స్కోరు సమం చేస్తే "వీళ్ళు వెనక్కి తగ్గి కూర్చున్నారు, అంతే మరి" అన్నాను. ఇన్నేళ్ళుగా మాంచెస్టర్‌లో ఉంటున్నా, ఇక్కడే పన్నులు కడుతున్నా, ఇంగ్లండ్ జట్టు నాకు 'వీళ్ళే'.

1-1తో సమమై ఆట పెనాల్టీల దాకా వెళ్ళింది. ఆ పెనాల్టీలు తల్చుకుంటే నాకే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఇంగ్లండ్ గోల్‌కీపర్ పిక్‌ఫోర్డ్ రెండు ఆపాడు. రెండు ఆపాక కూడా ఓడిపోవడమంటే మాటలు కాదు. ఆఖరి నిమిషంలో పెనాల్టీల కోసమే దించిన రాష్‌ఫోర్డ్ బంతి గోల్ స్తంభానికి తగిలింది. అలాగే దించిన సాంచోది ఇటలీ గోల్‌కీపర్ డొనరూమా ఆపేశాడు. చివరికి పంతొమ్మిదేళ్ళ సాకా వచ్చాడు. కొడితే ఇంగ్లండ్ ఇంకా ఆటలో ఉంటుంది. అదీ ఆపేశాడు. 3-2. కోచ్ సౌత్‌గేట్ వెళ్ళి సాకాని పొదివి పట్టుకున్నాడు. 1996లో లండన్‌లోని పాత వెంబ్లీ స్టేడియంలో జర్మనీ మీద పెనాల్టీ పోగొట్టిన మనిషే ఆయన.

"పోతే పోయిందిలేరా, వాళ్ళేమన్నా నీకు అన్నం పెడతారా?" అనబోయి నాలుక కరుచుకున్నాను. అది మా నాన్న మాట. 2003 మార్చి 23న, ఆస్ట్రేలియాతో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ రోజు, గుంటూరు హాస్టల్లో ఒక్క టీవీ ముందు నూట యాభై మందిమి ఇరుక్కుని కూర్చున్నాం. జహీర్ మొదటి ఓవర్‌లోనే పదిహేను పరుగులు. పాంటింగ్ 140, వాళ్ళు 359. మన ఇన్నింగ్స్ మొదటి ఓవర్‌లోనే సచిన్ నాలుగు పరుగులకి అవుట్. 125 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రాత్రి మెస్‌లో సాంబారు గంగాళం అలాగే మిగిలిపోయింది. మర్నాడు ఎస్టీడీ బూత్‌లోంచి ఇంటికి ఫోన్ చేస్తే నాన్న అన్న మాట అది. ఓటమినైనా మర్చిపోయాను కానీ ఆ మాటని మర్చిపోలేదు. అలాంటిది, అదే మాట నా నోటి చివరికి వచ్చేసింది.

మా ఆవిడ నయం. ఒక్క ముక్క మాట్లాడకుండా పెరుగన్నం కలిపి తెచ్చి ముద్దలు పెట్టింది. ఎక్కిళ్ళ మధ్యే గిన్నె ఖాళీ చేశాడు.

మర్నాడు తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్. వాడి ఉబ్బిన కళ్ళు చూసి "ఎవర్రా పిల్లాణ్ణి కొట్టింది?" అంది. ఇటలీవాళ్ళు అన్నాను. అంతా విని "బంతి ఎవడో తన్నలేకపోతే వీడెందుకురా ఏడవడం!" అని తేల్చేసింది.

కానీ ఆ వారం అసలు గొడవ ఓటమి కాదు. పెనాల్టీ పోగొట్టిన ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్ళు. మ్యాచ్ అయీ అవగానే ఆన్‌లైన్‌లో వాళ్ళని రంగు పేరుతో తిట్టడం మొదలైంది. మా ఊళ్ళోనే విథింగ్టన్‌లో ఒక గోడ మీదున్న రాష్‌ఫోర్డ్ బొమ్మ మీద ఎవరో పిచ్చి రాతలు రాశారు. అవి జాతి ద్వేషంతో రాసినవిగా అనిపించడం లేదని పోలీసులు తర్వాత చెప్పారనుకోండి. రాష్‌ఫోర్డ్ ఈ ఊరి బిడ్డ, వైథెన్‌షాలో పెరిగాడు. అంతకు ముందు ఏడాదే, సెలవుల్లో కూడా పేద పిల్లలకి బడి భోజనం అందాలని పట్టుబట్టి ప్రభుత్వం చేత నిర్ణయం మార్పించినవాడు. రాతల మీద జనం కాగితపు గుండెలు, ఉత్తరాలు అంటించడం మొదలుపెట్టారు. మావాడూ ఒకటి రాసుకొచ్చాడు. ఏం రాశాడో చూపించలేదు. గోడ మీద చోటు లేక, కింద వంగి, నా చేతిలోని టేపు పళ్ళతో కొరికి అంటించాడు.

తిరిగి వస్తూ అడిగాడు. "నేను పెనాల్టీ మిస్ చేస్తే నన్నూ అలాగే అంటారా?"

"ముందు నువ్వు స్కూల్ టీమ్‌లోకి రారా బాబూ" అన్నాను. వాడు నవ్వలేదు. తప్పించుకున్నానని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. బస్సెక్కి రెండు స్టాపులు దాటాక చెప్పాను, "అంటారురా. అందరూ కాదు, కొంతమంది అంటారు." కిటికీలోంచి చూస్తూ కాసేపు ఆలోచించి, "అందుకే పై మూలకి కొట్టాలి" అన్నాడు.

1990లో నార్మన్ టెబిట్ అనే కన్జర్వేటివ్ నాయకుడు, వలస వచ్చినవాళ్ళు క్రికెట్‌లో ఏ జట్టుకి జై కొడతారన్నదే అసలు పరీక్ష అన్నట్టు మాట్లాడాడు. ఆ లెక్కన నేను ఫెయిల్. మావాడు ఫుట్‌బాల్‌లో పాస్, క్రికెట్‌లో ఫెయిల్. వాడికి కోహ్లీ అంటే ప్రాణం. రెండు జెర్సీలూ ఒకే హ్యాంగర్‌కి వేలాడుతుంటాయి. వాడికి లేని ఇబ్బంది టెబిట్‌కెందుకో!

2024 జులై 14. మళ్ళీ యూరో ఫైనల్, ఈసారి బెర్లిన్‌లో స్పెయిన్ మీద. వాడికి పన్నెండేళ్ళు, బుగ్గల మీద రంగుల్లేవు. 73వ నిమిషంలో ఇంగ్లండ్ కోల్ పామర్ స్కోరు సమం చేసినప్పుడు నేను లేచి అరిచిన అరుపుకి చేతిలోని టీ తివాచీ మీద పడింది. 86వ నిమిషంలో స్పెయిన్ ఒయార్జబాల్ కొట్టేశాడు. 2-1. ఈసారి వాడు ఏడవలేదు. టీవీ కట్టేసి మేడ మీదకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం రాత్రి ఒంటిగంట దాకా, కెప్టెన్ కేన్‌ని ముందే మార్చి ఉండాల్సిందా, అది కాదా అని దొర్లుతూనే ఉన్నాను.

పొద్దున బడికెళ్ళే హడావిడిలో అమ్మ ఫోన్. వాడు బూటు లేసులు కట్టుకుంటూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. నేను పక్కనే వాడి లంచ్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

"మేం మళ్ళీ ఓడిపోయాం నాయనమ్మా" అన్నాడు.

ఆ 'మేం'లో అమ్మ లేదు. నేనున్నాను. వ్యాకరణం ప్రకారం చూసినా తప్పేం లేదు.

"పోన్లే నాన్నా" అందమ్మ, "పొద్దున్నే ఏం తిన్నావ్?"