రెండు డిస్కులు, మూడు లెక్కలు: నా అనుభవం

4 టెరాబైట్ల డిస్కులు రెండింటిని లినక్స్‌లోని బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కింద రెయిడ్-1గా (మిర్రర్‌గా, అంటే ప్రతిదీ రెండు డిస్కుల మీదా ఉండేలా) జతచేసి, రాసే డేటాను కుదించే జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ పెట్టుకుని చాలాకాలంగా వాడుతున్నాను. వాటిలో ఉన్నదంతా ఒక 2 టెరాబైట్ల బయటి డిస్కులోకి బ్యాకప్ తీయాలనుకున్నప్పుడు మొదటిసారిగా నాకు లెక్కతో పని పడింది. డిస్కులో నిండిన, మిగిలిన చోటును చెప్పే డీఎఫ్ కమాండ్ వాడిన చోటు 1.7 టెబీబైట్లని చూపింది (ఒక టెబీబైటు అంటే దాదాపు 1.1 టెరాబైట్లు). ఎక్స్‌టీ4 అనే మరో ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసిన బయటి డిస్కు దాదాపు 1.8 టెబీబైట్లు పడుతుంది కాబట్టి ఇరుకుగానైనా సరిపోతుందని నమ్మి, రాత్రి ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టును మొదలుపెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే డిస్కులో చోటు లేదన్న సందేశంతో కాపీ ఆగిపోయి ఉంది.

మొదట నా అనుమానం హార్డ్‌లింకుల మీదికి, అంటే ఒకే ఫైలుకు ఉండే అదనపు పేర్ల మీదికి పోయింది. ఆర్‌సింక్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే ఒకే ఫైలుకు ఉన్న రెండు పేర్లను రెండు ఫైళ్లుగా కాపీ చేస్తుంది. వెతికి చూస్తే అటువంటివి నా దగ్గర పట్టుమని పది కూడా లేవు. ఆ వెతుకులాటలోనే ఫైళ్ల పరిమాణాలను కూడి చెప్పే డీయూ కమాండ్ నడిపాను. అది మొత్తం 2.6 టెబీబైట్లని చెప్పింది. రెండు కమాండ్ల మధ్య దాదాపు ఒక టెబీబైటు తేడా కనిపించేసరికి ఫైల్ సిస్టమే పాడైందేమోనని భయపడి, డిస్కుల మీది డేటానంతా చదివి తప్పులు వెతికే స్క్రబ్ కూడా నడిపాను. ఒక్క తప్పూ దొరకలేదు.

ఇక బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్ అనే కమాండ్‌ను ఆశ్రయించాను. అది మూడో లెక్క చెప్పింది: డిస్కుల మొత్తం పరిమాణం 7.28 టెబీబైట్లు, వాడినది 3.37 టెబీబైట్లు. ఈ మూడు అంకెలనూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూసేదాకా నాకు అర్థం కాలేదు గానీ, ఆ మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. యూసేజ్ పై భాగంలో చూపేది రెండు డిస్కుల మీదా నిజంగా నిండిన ముడి చోటు. మిర్రర్‌లో ప్రతి బ్లాకూ రెండుసార్లు రాయబడుతుంది కాబట్టి అక్కడ అంతా రెట్టింపుగా కనిపిస్తుంది. దాని కిందనే డేటా రేషియో 2.00 అని ఒక వరుస ఉంది. మొదటిసారి దాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను. డీఎఫ్ అదే చోటును రెండుతో భాగించి, ఒక ప్రతికి సరిపడే లెక్క చెబుతుంది. డీయూకు డిస్కుల సంగతే పట్టదు. ఫైలులో కంప్రెషన్‌కు ముందున్న డేటా ఎంతో అది చెబుతుంది. ఎక్స్‌టీ4లో కంప్రెషన్ లేదు కనుక బ్యాకప్‌కు ముందు నేను చూడవలసింది డీయూ అంకెనే. (జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో వ్యవహారం తలకిందులు: అక్కడ డీయూ కంప్రెస్ అయిన పరిమాణాన్నే చూపుతుంది, అసలు పరిమాణం కావాలంటే లాజికల్‌యూజ్డ్ అనే ప్రాపర్టీని అడగాలి. ఒకచోట అలవాటైన చేయి ఇంకోచోట తప్పకుండా తడబడుతుంది.)

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కాంప్‌సైజ్ అనే పనిముట్టు విడమరిచి చూపింది. 2.6 టెబీబైట్ల డేటా డిస్కు మీద 1.68 టెబీబైట్లుగా, అంటే 64 శాతంగా ఉంది. అందులో 0.91 టెబీబైట్లు అసలు కంప్రెస్ కానివి. అవన్నీ ఫొటోలూ వీడియోలూ. కొంచెం కుదించి చూసి, లాభం లేదనిపిస్తే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అటువంటి ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే రాసేస్తుంది. మిగిలిన 1.69 టెబీబైట్లు మాత్రం 0.77కు కుదించుకుపోయాయి. కాంప్‌సైజ్ కూడా మిర్రర్‌లోని రెండో ప్రతిని లెక్కించదు కాబట్టి ఈ అంకె డీఎఫ్‌తో సరిపోయింది.

లెక్క తెలిసిందన్న ధీమాతో పాత లాగ్ ఫైళ్ల డైరెక్టరీ ఒకటి తీసేశాను. డీయూ ప్రకారం అది 300 గిబీబైట్లు (1024 గిబీబైట్లు ఒక టెబీబైటు). తీసేశాక డీఎఫ్ చూస్తే మళ్లీ అదే 1.7. అప్పుడు స్నాప్‌షాట్లు, అంటే ఫైల్ సిస్టమ్ ఒకానొక క్షణంలో ఎలా ఉందో అలాగే దాచి ఉంచే ప్రతులు గుర్తుకొచ్చాయి, ఆ ఫైళ్ల డేటాను అవి పట్టుకుని ఉన్నంతకాలం ఒక్క బైటు కూడా వెనక్కి రాదు. పాత స్నాప్‌షాట్లను తొలగించి, వెనకాల జరిగే శుభ్రత పూర్తయ్యేదాకా సబ్‌వాల్యూమ్ సింక్ అనే కమాండ్‌తో ఆగి, మళ్లీ చూశాను. అప్పుడూ 1.7 అనే ఉంది! ఈసారి తప్పు నేను అంకెను చదివిన తీరుది. చదవడానికి వీలుగా చూపమని మైనస్ హెచ్ ఇస్తే డీఎఫ్ అంకెను ఎప్పుడూ పైకే సవరిస్తుంది, 1.69 అయినా 1.63 అయినా దానికి 1.7 మాత్రమే. గిబీబైట్లలో అడిగితే దాదాపు 60 తగ్గినట్టు కనిపించింది. లాగులు ఐదో వంతుకు కుదించుకుపోయి ఉన్నాయి కాబట్టి అంతకుమించి రావడానికి వీల్లేదు. యూసేజ్‌లో మాత్రం అదే తొలగింపు 120గా నమోదైంది.

ఖాళీ చోటు విషయంలో నేను ఇప్పుడు యూసేజ్‌లో అంచనాగా ఇచ్చే వరుసనే చూస్తాను, అదీ కొంత అనుమానంతోనే. రాబోయే డేటా ఎంత కుదించుకుంటుందో దానికి తెలిసే వీలు లేదు కనుక ఏమీ కుదించుకోదన్నట్టే లెక్క వేస్తుంది. లాగులు రాస్తే అది చెప్పినదానికన్నా ఎక్కువ పడతాయి, వీడియోలైతే దాదాపు అంతే.

బయటి డిస్కును చివరికి బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌గా మార్చి, అదే కంప్రెషన్ పెట్టి, ఆర్‌సింక్‌ను మొదటి నుంచి నడిపాను. ఈసారి రాత్రి పడుకోకుండా మధ్యమధ్యలో లేచి చూశాను. కాపీ పూర్తయ్యాక ఆ డిస్కు మీద యూసేజ్ తెరిస్తే డేటా రేషియో 1.00 అని ఉంది, వాడిన చోటు డీఎఫ్ చెప్పినదానితో సరిపోయింది. డీయూ మాత్రం అక్కడ కూడా 2.3 టెబీబైట్లని, డిస్కు పరిమాణాన్ని మించిన అంకెనే చూపింది.