షోకేసులో కూర్చున్న ఏనుగు

పదకొండున్నర అయింది. కళ్ళు మూసుకుంటే ఆ ఏనుగే కనిపిస్తోంది. రాసేస్తే పోతుందేమోనని లేచి కూర్చున్నా. ఈయన ఇప్పటికే ఒకసారి లైటు సంగతి అడిగారు.

మధ్యాహ్నం కాజీపేట వెళ్ళొచ్చాను, మా రైల్వే క్వార్టర్స్ దోస్తు ఇంటికి. వాళ్ళ చిన్నదాని మొదటి పుట్టినరోజుకు క్రోషే సూదితో ఊలు అల్లి ఇచ్చానే, బూడిద రంగు ఏనుగు, చెవుల లోపల గులాబీ రంగుది. అది షోకేసులో ఉంది, పై అరలో. నేను చుట్టిచ్చిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, రిబ్బను ముడితో సహా అట్లనే ఉంది. ఒక పక్క క్యారమ్స్ షీల్డు, ఇంకో పక్క వెంకన్న ఫొటో. పిల్లేమో కింద కూర్చుని టీవీ రిమోట్ చీకుతోంది.

"మాసిపోతదని పైన పెట్టిన. ఎవలొచ్చినా నీ పేరే చెప్త" అంది, ఎంతో గొప్పగా. నేను నవ్వాను. లోపల మాత్రం మండింది.

మాసిపోతే ఉతుక్కోవచ్చు కదా! అందుకే కదా అక్రిలిక్ ఊలు తెచ్చింది, లోపల పాలిస్టర్ దూది కూరింది. దాని మీద మా బాపు వెక్కిరింత వేరే: "ఎనుమాముల పత్తి మార్కెట్ ఇంత దగ్గర పెట్టుకొని ప్లాస్టిక్ దూది కొంటున్నవా బిడ్డా?" అసలు పత్తి కూరితే ఒక్కసారి తడవగానే గడ్డ కడుతుంది, లోపల ఆరదు అని చెప్పినా వినలేదు. ఆ ఏనుగును బకెట్లో ముంచి, పిండి, దండెం మీద వేయొచ్చు. అలా వేయాలనే అల్లాను.

దానికి ఎన్ని రాత్రులు పట్టిందో, అప్పట్లో ఇక్కడే రాసుకుని ఏడ్చాను కూడా. మ్యాజిక్ రింగులో (లాగితే మధ్య రంధ్రం మూసుకుపోయే ఊలు చుట్టు అది) 6 కుట్లు, తర్వాతి వరసలో 12, ఆపై 18, 24, 30. వరస వరసకూ ఆరు పెరగాలి. ఎక్కడా ముడేసి ఆపరు, నత్తగుల్లలా తిరుగుతూనే పోతుంది కాబట్టి వరస మొదట్లో ఒక పిన్నీసు గుచ్చుకోవాలి. నేను ఇరవై ఏడో కుట్టులో ఉన్నప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

అంతకుముందు కుందేలు కథయితే సరేసరి. బ్రిటిష్ వాళ్ళ ప్యాటర్న్ అని చూసుకోకుండా, వాళ్ళు డబుల్ క్రోషే అన్నారు కదా అని నాకు తెలిసిన అమెరికా డబుల్, అంటే ఇంకా పొడుగు కుట్టు, వేసుకుంటూ పోయా. అమెరికా వాళ్ళు సింగిల్ అనేదాన్నే వాళ్ళు డబుల్ అంటారట! తల సొరకాయంత పొడుగైంది, కుట్ల సందుల్లోంచి దూది తొంగి చూసింది. మా పెద్దది దానికి దయ్యం అని పేరు పెట్టి ఇప్పటికీ పక్కన వేసుకునే పడుకుంటుంది. చెడిపోయినది మాత్రం చక్కగా ఆటలో ఉంది, చూడండి.

పైగా వాళ్ళత్త: "అమ్ముతవా బిడ్డా? ఎంతకిస్తవ్? బజార్ల నూరు రూపాయలకు దొరుకుతయ్ గదా." ఆమె మంచిదే. కానీ ఆ "గదా" ఉంది చూడండి.

తిరిగొస్తూ ఫాతిమానగర్ దగ్గర ఆటో ఆగిపోతే అమ్మ చిలుక గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ ప్లాస్టిక్ వైరుతో అల్లింది. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు, కూర్చోవడానికి గుండ్రని రింగు. అప్పట్లో మా హన్మకొండ గల్లీలో ఆడవాళ్ళంతా వైరు బుట్టలు అల్లేవాళ్ళు, చిలుక మాత్రం అమ్మకే వచ్చు. దాన్ని షోకేసులో నిర్మల్ బొమ్మల పక్కన పెట్టింది. ముట్టుకుంటే వీపు పగులుద్దని ముందే చెప్పింది. ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోయాక అద్దం జరిపి, చిలుకను వాకిట్లో వేపచెట్టు ఎక్కించాను. కొమ్మ మీద కాసేపు నిజం చిలుకలాగే ఉంది. తర్వాత పడింది. ముక్కు విరిగింది.

అమ్మ కొట్టలేదు. విరిగిన వైపు గోడకు తిప్పి మళ్ళీ అక్కడే పెట్టింది. నా పెళ్ళయ్యేదాకా అది అట్లనే గోడను చూస్తూ కూర్చుంది. వచ్చిన చుట్టాలు "అబ్బ, ఎంత మంచిగల్లినవ్" అంటుంటే అమ్మ నా వైపు ఒక్క చూపు చూసేది. ఆ చూపు కంటే దెబ్బలే నయం. ఇందాక ఫోన్లో ఏనుగు సంగతి చెప్తే, "అద్దంల పెట్టుకున్నదంటే ఇష్టముండే పెట్టుకున్నది, నీకేం నొప్పి?" అంది. ఆమె అట్లనే అంటుంది లెండి.

ఇక్కడిదాకా రాసి, ఏనుగు కళ్ళ గురించి కూడా రాద్దామనుకుని ఆగిపోయా. నల్లగా మెరిసే ప్లాస్టిక్ కళ్ళు అవి, వెనక వాషర్ నొక్కితే ఇక ఊడవు అంటారు. కానీ అల్లిక సాగుతుంది, పిల్లలు లాగితే ఆ సందులోంచి బయటికి రావచ్చు. మూడేళ్ళ లోపు వాళ్ళకైతే కళ్ళు దారంతోనే కుట్టాలి. నాకు తెలుసు. తెలిసీ, మెరుపు బాగుందని అవే పెట్టా. ఇచ్చేటప్పుడు నేనే అన్నాను మా దోస్తుతో: "కళ్ళు ప్లాస్టిక్‌వే, నోట్లో పెట్టుకోకుండా చూడు."

చూసుకుంది పాపం. నన్ను నొప్పించకుండా మాసిపోతదని చెప్పింది. లేకపోతే నిజంగానే మాసిపోతుందనే పెట్టిందో. అడగలేను ఇప్పుడు.

కవరైనా తీయొచ్చు కదా, అద్దం లోపల దానికి దుమ్మెక్కడిది?

ఇంకోటి మొదలుపెట్టా ఇందాక, అదే బూడిద ఊలు, 2.5 మి.మీ. సూది. ఈసారి కళ్ళు నల్ల దారంతో కుడతా. ఏడో వరసలో 42 రావాలి, రెండుసార్లు లెక్కపెట్టినా 41 వచ్చాయి. ఈయన మళ్ళీ లైటు అంటున్నారు.