మా గుట్టలు చైనాకు ఎట్లా పోయాయంటే

కరీంనగర్ నుంచి జగిత్యాల రోడ్డు మీద గంగాధర దాకా వెళ్తే చాలా గుట్టలు జున్ను కోసినట్టు నిలువునా కోసి కనిపిస్తాయి. కింద నీళ్ళు నిండిన గుంతలు, పక్కన పనికిరాని రాయి పోగులు. చైనా ఎకానమీ అనగానే మనోళ్ళు ఫోన్లు, సీరియల్ లైట్లు అంటూ అక్కడి నుంచి వచ్చేవాటి గురించే మాట్లాడతారు, ఇక్కడి నుంచి పోయినదాని లెక్క మాత్రం ఎవరూ తీయరు.

మన టాన్ బ్రౌన్, నలుపు మీద గోధుమ రంగు మచ్చల గ్రానైట్, పెద్ద పెద్ద బ్లాకులుగా లారీల్లో, వ్యాగన్లలో రేవులకు చేరి, అక్కడి నుంచి ఎక్కువగా ఓడల్లో చైనాకే పోయేది. వాళ్ళకు అంత రాయి ఎందుకు అంటారా? 1978లో సంస్కరణలు మొదలయ్యాక ముప్పై ఏళ్ళపాటు ఏడాదికి సగటున పది శాతం దాకా పెరిగిన దేశం అది. 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓలో చేరింది, 2008 ఆర్థిక సంక్షోభంలో ప్రపంచమంతా కుదేలైతే 4 లక్షల కోట్ల యువాన్ల ప్యాకేజీ ప్రకటించి రోడ్లు, రైళ్ళు, బిల్డింగుల మీద పడింది. 2011 నుంచి 2013 వరకు మూడేళ్ళలో వాళ్ళు వాడిన సిమెంటు దాదాపు 660 కోట్ల టన్నులు, అమెరికా ఇరవయ్యో శతాబ్దం మొత్తంలో వాడింది 450 కోట్లే! అన్ని బిల్డింగులు లేస్తే నేలకు, గోడలకు రాయి కావాలి కదా. ఆస్ట్రేలియా ఇనుప ఖనిజం, చిలీ రాగి, బ్రెజిల్ సోయా, అందరిదీ ఇదే కథ. ఇనుప ఖనిజం టన్ను 2011లో 180 డాలర్లు దాటి, చైనా నెమ్మదించగానే 2015 చివరికి 40 కిందికి పడిపోయింది.

లాభం లేదని అనను. డ్రిల్లర్లకు, లారీ ఓనర్లకు, క్వారీ దగ్గర టీ కొట్టు పెట్టుకున్నవాళ్ళకు కూడా నాలుగు రాళ్ళు మిగిలాయి. కానీ అసలు డబ్బు కోతలో, పాలిష్‌లో ఉంటుంది, ఆ పని చాలావరకు అక్కడ జరిగింది. మన రాయికే మెరుగు పెట్టి వేరే దేశాలకూ అమ్ముకున్నారు. మనకు మిగిలింది దుమ్ము, బ్లాస్టింగ్‌కు బీటలు పడ్డ ఇళ్ళు. గంగాధర దగ్గరి కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట తెలుసు కదా, పదో శతాబ్దపు జినవల్లభుడి (కన్నడ కవి పంపడి తమ్ముడు) శాసనం ఉన్నది, తెలుగులో తొలి కంద పద్యాలు ఉన్నది. దాని చుట్టూ కూడా క్వారీలు వస్తే చరిత్రకారులు గోల చేయాల్సి వచ్చింది.

2021 డిసెంబర్‌లో ఎవర్‌గ్రాండ్ అనే చైనా రియల్ ఎస్టేట్ కంపెనీ అప్పు కట్టలేక చేతులెత్తేసింది, బాకీలు 30 వేల కోట్ల డాలర్ల పైమాటే. ఆ పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసు? కానీ అక్కడ ఇళ్ళ అమ్మకాలు ఆగేసరికి ఇక్కడ బ్లాకులు పేరుకుపోయాయి, కూలీలకు పని తగ్గింది.

మిర్చి కూడా ఇదే దారిలో ఉందనిపిస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తేజ రకం మిర్చి రేటు గురించి ఎవరిని అడిగినా చైనా ఆర్డర్ల మాట రాకుండా ఉండదు. మిర్చికైతే వేరే కొనేవాళ్ళను వెతుక్కోవచ్చు, వచ్చే ఏడు పంట మార్చుకోవచ్చు. రాయి సంగతి అట్లా కాదు, కోసిన గుట్ట మళ్ళీ మొలవదు. అందుకే క్వారీ లీజు ఇచ్చేటప్పుడే, తీసిన రాయిలో ఇంత భాగం ఇక్కడి యూనిట్లలోనే కోసి పాలిష్ చేయాలని షరతు పెట్టాలని నేనంటాను. ఎక్స్‌పోర్టర్లకు ఇది నచ్చదని తెలుసు, ముడి బ్లాకు అమ్ముకుంటే డబ్బు తొందరగా చేతికొస్తుంది మరి.