ఎస్సైని కేసు నుంచి తప్పించాకే ప్రేమకథ కదిలింది

నా నవల మొదటి ప్రతి రాయడానికి మూడు నెలలు పట్టింది. దాన్ని పారేయడానికి ఒక్క సాయంత్రం చాలింది.

కథ ఇది. ఏలూరులో ఒక స్కూలు టీచరు. తండ్రి పోయాక తమ్ముణ్ణి తానే పెంచింది. విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఆ తమ్ముడు ఒక ఆదివారం బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమె పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంది. అక్కడ ఒక ఎస్సై ఉంటాడు. మూడో అధ్యాయంలో వాన పడుతుంది. అయిదో అధ్యాయానికి అతను ఆమెను 'నువ్వు' అనేస్తాడు. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చించి, బైండు చేయించి దాచుకున్న నవలలు చదువుతూ పెరిగినదాన్ని. వాన పడకుండా ప్రేమ పుడుతుందని నాకు తోచలేదు.

మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారికి ఆ ప్రతి ఇచ్చాను. బాబాయి గారూ అని పిలుస్తాను. ఆయన రెండు రోజుల్లో చదివేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి అన్నారు: "పిల్లవాడి సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు మీ ఎస్సైకి చార్జి మెమో ఇవ్వాలి."

నాకు కోపం వచ్చింది. ఆయన మాత్రం శాంతంగా విడమరిచారు. ఫిర్యాదు ఇచ్చిన మనిషి కష్టంలో ఉంది. ఆమె తమ్ముడి ఆచూకీ ఈ అధికారి చేతిలో ఉంది. అతను ఏమడిగినా ఆమె కాదనలేని స్థితి. దాన్ని ప్రేమ అని ఎలా అంటావు? నా దగ్గర జవాబు లేదు. నాలుగు వారాలు కాగితం ముట్టుకోలేదు.

మళ్ళీ కూర్చున్నప్పుడు చట్టంతో మొదలుపెట్టాను. తమ్ముడికి 19 ఏళ్ళని రాశాను కదా. వయసు వచ్చినవాడు తన ఇష్టంతో వెళ్ళిపోయి ఉండవచ్చు. స్టేషన్‌లో మిస్సింగ్ కేసు కడతారు, కానీ ఆ ఆలోచన అందరి మనసుల్లోనూ ఉంటుంది. అందుకని అతణ్ణి ఇంటర్ రెండో సంవత్సరానికి దించి, 17 ఏళ్ళు చేశాను. తప్పిపోయిన పిల్లల విషయంలో ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. పైగా పాత ఐపీసీలో (భారత శిక్షాస్మృతిలో), సంరక్షకుల నుంచి అపహరణ అనే నేరానికి మగపిల్లల వయసు హద్దు 16, ఆడపిల్లలకు 18. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్‌లో ఆ తేడా పోయి, ఇద్దరికీ 18 అయింది. నా కథ ఆ తేదీకి ముందు జరిగితే ఒకలా, తర్వాత జరిగితే మరొకలా నడుస్తుంది. తర్వాతే జరిపించాను.

అసలు దారి బాబాయి గారి నోటి నుంచే దొరికింది. "హాస్టల్ ఉన్నది విజయవాడలో. ఆ అమ్మాయి ఏలూరు స్టేషన్‌కి వస్తే జీరో ఎఫ్ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి కదా" అన్నారు మాటల మధ్యలో. ఎక్కడ జరిగిన నేరమైనా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని, పోలీసు కేసులు నడిచే పద్ధతిని చెప్పే చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుంది. నా ఎస్సై ఆ ఎఫ్ఐఆర్ కడతాడు, నకలు ఆమె చేతికిస్తాడు, కేసు విజయవాడ వెళ్ళిపోతుంది. దర్యాప్తు అధికారి ఇక మరొకరు. ఇతనికి ఆ కేసులో ఏ అధికారమూ లేదు. అయినా మూడో రోజు ఫోను చేసి, "ఏమైనా తెలిసిందా అండీ?" అని అడుగుతాడు. ఎందుకు అడిగాడు? ఆ ఒక్క ప్రశ్న మీద మిగిలిన నవలంతా నిలబడింది.

చిన్న తప్పులు చాలానే ఉన్నాయి. పాత ప్రతిలో ఎస్సై అరగంటలో కాల్ డేటా తెప్పించేస్తాడు. నిజానికి ఆ అభ్యర్థన ఎస్పీ, డీసీపీ స్థాయి అధికారి ద్వారా వెళ్ళాలి. ఆ ఆలస్యమే నాకు రెండు అధ్యాయాలు ఇచ్చింది. ఫోన్ టవర్ చూపించేది ప్రాంతాన్నే, ఇంటి తలుపును కాదు. నా కథలో పిల్లవాడి ఫోను జాడ దొరికే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర టవర్ అంటే వేల మంది. ప్లాట్‌ఫారం మీద రైల్వే శాఖకు చెందిన ఆర్పీఎఫ్ వేరు, రాష్ట్ర పోలీసుల్లో భాగమైన జీఆర్పీ వేరు. ఈ తేడా తెలియక నా నాయిక ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి తిరుగుతుంది. నాలుగు నెలల్లో పిల్లవాడు దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళుతుంది. కథకు ఒక గడువు కావాలనుకుంటున్న నాకు ఆ నియమం అడక్కుండానే దొరికింది.

ఒక్క అధ్యాయం మాత్రం ఎన్ని రోజులు వాయిదా వేశానో చెప్పలేను. గుర్తుతెలియని మృతదేహం ఒకటి ఉంది, వచ్చి చూడమని రైల్వే పోలీసుల నుంచి ఆమెకు కబురు వస్తుంది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మార్చురీ. ఎస్సై సెలవు పెట్టి, మామూలు బట్టల్లో వస్తాడు. లోపలికి వెళ్ళే హక్కు అతనికి లేదు. ఆమె చేతిసంచీ అతని చేతికిచ్చి వెళుతుంది. ఆడవాళ్ళ సంచీ ఎలా పట్టుకోవాలో తెలియక, భుజానికి తగిలించుకోలేక, కింద పెట్టలేక, రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని నిలబడతాడు. ఆమె బయటికి వచ్చి, "వాడు కాదు" అని, ఆ వెంటనే కోపంగా, "నువ్వెందుకు వచ్చావు ఇక్కడికి?" అంటుంది. స్టేషన్‌లో అందరినీ 'నువ్వు' అనే మనిషి ఆమెను మొదటి రోజు నుంచీ 'మీరు' అంటూ వచ్చాడు. ముందుగా నోరు జారింది ఆమె. ఇందులో వాన లేదు.

ఒక పత్రికకు పంపితే ప్రేమ చాలలేదని తిరిగి వచ్చింది. రెండు రోజులు బాధపడ్డాను. వాన మాత్రం తిరిగి పెట్టలేదు. బాబాయి గారు చివరి ప్రతి అంతా చదివి ఒక్కచోటే పెన్సిల్ గీత పెట్టారు: ఎస్సై భుజం మీద మూడు నక్షత్రాలు రాశాను, రెండే ఉండాలట.

అమ్మకు ఒకేసారి ఇవ్వడం లేదు. గురువారానికి ఒక అధ్యాయం చొప్పున, పాత వారపత్రిక లెక్కన ఇస్తున్నాను. నిన్న మార్చురీ అధ్యాయం చదివింది. రాత్రి పదకొండింటికి ఫోను చేసి, "పిల్లవాడు దొరుకుతాడా దొరకడా, అది చెప్పు చాలు" అంది. వచ్చే గురువారం అన్నాను. విసుక్కుని పెట్టేసింది.