నర్సింగ్ ఆఫీసర్ ప్రిపరేషన్: మెడికల్ డిక్షనరీ ఏది కొనాలి, కొన్నాక ఏం చేయాలి

నార్సెట్‌కో (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పరీక్ష), తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పడే స్టాఫ్ నర్స్ పోస్టులకో చదివేవాళ్ళు పుస్తకాల లిస్టు రాసుకుంటూ చివర్లో ఆగే చోటు ఇది: డిక్షనరీ కొనాలా, ఫోన్‌లో గూగుల్ సరిపోతుందా? కొనండి. అయితే అర్థాల కోసం కాదు, అర్థం గూగుల్లోనూ దొరుకుతుంది. ఒక ప్రశ్నకు సరైన జవాబు తెలిశాక, మిగతా మూడు ఆప్షన్లు ఏమిటి, అవి ఎందుకు కావు అన్నది తేల్చుకోవడానికి డిక్షనరీ కావాలి. ఆ పని ఏ పుస్తకంలో తొందరగా అవుతుందో అదే కొనాలి. పేరు, బరువు, రేటు తర్వాతి సంగతి.

ఒక ప్రశ్న తీసుకుందాం. థైరాయిడెక్టమీ (థైరాయిడ్ గ్రంథి తీసే ఆపరేషన్) అయిన పేషెంట్ మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందంటోంది, ఏ సైన్ (జబ్బు గుర్తు) చూడాలి? ఆప్షన్లు: ష్వోస్టెక్, కెర్నిగ్, హోమన్స్, కల్లెన్. జవాబు ష్వోస్టెక్ అని కోచింగ్ చదివిన ఎవరైనా చెప్తారు. ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది, చెవి ముందు తట్టితే ముఖం కండరాలు అదురుతాయి. చాలామంది అక్కడితో పేజీ తిప్పేస్తారు. వచ్చే పేపర్‌లో అడిగేది మాత్రం ఆ మిగిలిన మూడింట్లో ఒకటి. కెర్నిగ్ మెనింజైటిస్‌కి (మెదడు పొరల వాపు): తుంటి దగ్గర కాలు మడిచి ఉంచి మోకాలు చాపబోతే నొప్పి, చాపనివ్వదు. హోమన్స్ పిక్కలో డీప్ వెయిన్ థ్రాంబోసిస్‌కి (లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం). ఇప్పుడు దాన్ని నమ్మదగిన పరీక్షగా లెక్కేయరు కానీ ప్రశ్నల్లో మాత్రం బతికే ఉంది. కల్లెన్ అంటే బొడ్డు చుట్టూ నీలంగా కమలడం, పొట్టలో రక్తస్రావానికి గుర్తు. ఈ మూడూ ఒకేచోట దొరికితే అయిదు నిమిషాల పని. విడివిడిగా వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ వెతకరు.

అందుకే కొనేముందు చూడాల్సింది పుస్తకంలో మాటలు ఎలా పేర్చారన్నది. డోర్లాండ్స్, స్టెడ్‌మన్స్ లాంటి పెద్ద అమెరికన్ డిక్షనరీల్లో రెండు మాటల పదాలు సాధారణంగా నామవాచకం కింద ఉంటాయి. కెర్నిగ్ సైన్ కావాలంటే 'సైన్' దగ్గరికి వెళ్ళాలి, ఫెమోరల్ ఆర్టరీ కావాలంటే 'ఆర్టరీ' దగ్గరికి. ఈ సంగతి తెలియక 'కె'లో వెతికి, కనపడక, పుస్తకమే బాగాలేదని పక్కన పడేసేవాళ్ళు చాలామంది. అలవాటైతే లాభం ఇందులోనే ఉంది: 'సైన్' కింద వందల సైన్లు, 'సిండ్రోమ్' కింద సిండ్రోమ్‌లు, 'పొజిషన్' కింద పేషెంట్‌ని పడుకోబెట్టే భంగిమలు ఫౌలర్, సిమ్స్, ట్రెండెలెన్‌బర్గ్ వరసగా వస్తాయి. జతపరచండి ప్రశ్నలకు ఇంతకన్నా మంచి మెటీరియల్ లేదు. మాస్బీ డిక్షనరీ పద్ధతి వేరు. అందులో మామూలు డిక్షనరీలాగే అక్షరక్రమం, ఫెమోరల్ ఆర్టరీ 'ఎఫ్'లోనే దొరుకుతుంది. డ్యూటీ మధ్యలో ఒక్క మాట చూసుకోవాలంటే అదే సులువు.

నర్సింగ్ వాళ్ళకు మా ఓటు టేబర్స్ డిక్షనరీకి. 1940లో మొదటి ఎడిషన్ వచ్చిన ఈ పుస్తకం జబ్బు పేరు దగ్గర అర్థం చెప్పి ఊరుకోదు. ముఖ్యమైన చోట్ల పేషెంట్ కేర్ అని వేరే పేరా ఇచ్చి ఏం గమనించాలి, ఏం నేర్పాలి, ఎప్పుడు డాక్టర్‌కి చెప్పాలి అన్నది రాస్తుంది. 'నర్సు ముందుగా చేయాల్సింది ఏమిటి' అనే ప్రశ్నలకు అక్కడ సరుకు ఉంది. డోర్లాండ్స్ రెండు వేల పేజీలు దాటిన పుస్తకం. లైబ్రరీలో చూసుకోండి, స్టాఫ్ నర్స్ పరీక్షకు సొంతంగా కొనేంత అవసరం లేదు. బ్లాక్స్ బ్రిటిష్ పుస్తకం, చిన్న చిన్న వ్యాసాల్లా ఉంటుంది. చదువుకోవడానికి హాయిగా ఉంటుంది, చటుక్కున వెతకడానికి నెమ్మది. బేలియర్స్ నర్సుల డిక్షనరీ జేబులో పడుతుంది, వార్డులో సరిపోతుంది. పరీక్షకు అదొక్కటే పెట్టుకుంటే వివరం చాలదు.

బ్రిటిష్, అమెరికన్ తేడా పైకి చిన్నదే, టైమ్ మాత్రం బాగా తింటుంది. మన కాలేజీల్లో నేర్పేది బ్రిటిష్ స్పెల్లింగ్. ఈడీమా, ఈసోఫేగస్, ఈస్ట్రోజెన్ 'ఓ' అక్షరంతో మొదలవుతాయి, అమెరికన్ పుస్తకంలో 'ఈ'తో. హీమటూరియా లాంటి మాటల్లో మధ్యలో ఉండే 'ఏ' అక్షరం అక్కడ ఉండదు, కాబట్టి కొన్ని పేజీలు అటూ ఇటూ అవుతుంది. మందుల పేర్లు పూర్తిగా వేరే: మన పారాసెటమాల్ అక్కడ అసిటమినోఫెన్, సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. ప్రశ్నలు తయారుచేసేవాళ్ళు అమెరికన్ టెక్స్ట్‌బుక్‌లు కూడా చూస్తారు కాబట్టి రెండు పేర్లూ నోటికి రావాలి. ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సు లైసెన్స్ పరీక్ష) మీద కన్నుంటే అమెరికన్ డిక్షనరీ, యూకే వెళ్ళే ఆలోచన ఉంటే బ్రిటిష్‌ది తీసుకోండి. యూకేలో షుగర్ కూడా మిల్లీమోల్స్‌లో చెప్తారు: మన మిల్లీగ్రాముల అంకెను 18తో భాగించాలి. ఫాస్టింగ్ 126 అంటే అక్కడ 7.

హైదరాబాద్ కోఠీలో సెకండ్ హ్యాండ్ కాపీ చవగ్గా దొరుకుతుంది. తప్పు లేదు, కానీ ఎడిషన్ చూడండి. అట్ట మీద కాదు, లోపల కాపీరైట్ పేజీలో. ఇంకా మంచి పద్ధతి మూడు మాటలు తీసి చూడటం. 'సెప్సిస్' దగ్గర, ఇన్ఫెక్షన్‌కి శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు దెబ్బతినడం అని ఉంటే 2016 తర్వాతి నిర్వచనం. ఇన్ఫెక్షన్‌తో పాటు జ్వరం, పల్స్, శ్వాస, తెల్లకణాల లెక్కతో సరిపెడితే పాతది. పడక పుండుకు 'ప్రెషర్ ఇంజ్యురీ' అనే మాట ఉందా చూడండి, అది కూడా 2016లో అల్సర్ స్థానంలో వచ్చిందే. మూడోది కోవిడ్-19, ఉంటే 2020 తర్వాతిది. సీపీఆర్ వివరం ఇచ్చి ఉంటే అక్కడా ఒక చూపు వేయండి: నిమిషానికి 100 నుంచి 120 కంప్రెషన్లు అని ఉండాలి, 'కనీసం 100' అని వదిలేస్తే 2015కి ముందుది. అనాటమీ మాటలకు పాత ఎడిషన్ అయినా నష్టం లేదు. నిర్వచనాలు, స్టేజ్‌లు, క్లాసిఫికేషన్లు అడిగే చోట మాత్రం పాత పుస్తకం తప్పు జవాబు మీద నమ్మకం పెంచుతుంది. నార్సెట్ ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. అక్కడ తెలియనిదాని కన్నా నమ్మకంగా తప్పు తెలిసిందే ఎక్కువ ముంచుతుంది.

టెలిగ్రామ్‌లో తిరిగే స్కాన్ పీడీఎఫ్‌ల జోలికి పోవద్దని చెప్పడానికి కాపీరైట్ ఒక్కటే కారణం కాదు. స్కాన్‌ని అక్షరాల్లోకి మార్చేటప్పుడు మైక్రోగ్రామ్ గుర్తు కాస్తా 'ఎం' అయిపోతుంది, మైక్రోగ్రాము మిల్లీగ్రామవుతుంది, అంటే వెయ్యి రెట్లు. పదికి పైన వేసే చిన్న 9 కిందికి దిగి 109 అవుతుంది. తెల్లకణాల నార్మల్ వాల్యూ అలా చదివి అయోమయపడి లాభం లేదు. ఫోన్‌లోనే కావాలంటే పబ్లిషర్ సొంత యాప్ తీసుకోండి. ఉచ్చారణ వినొచ్చు, స్పెల్లింగ్ కాస్త తప్పినా దొరుకుతుంది. కాకపోతే చాలా యాప్‌లకు ఏటా డబ్బు కట్టాలి, ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుందో లేదో కొనేముందే చూడాలి.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా ఉన్న ఒక చిక్కు. నోట్స్ తెలుగు లిపిలో రాసుకుంటే కొన్ని మాటలు కలిసిపోతాయి. 'ఇలియం' అని రాశారు, ఏది? ఎల్ తర్వాత 'ఈ' వస్తే చిన్నపేగు చివరి భాగం, 'ఐ' వస్తే తుంటి ఎముక. 'డిస్ఫేజియా' అని రాశారు, ఏది? 'జి' అక్షరం ఉన్నది మింగడం కష్టమవడం, దాని బదులు 'ఎస్' ఉన్నది మాట కష్టమవడం. మనం రెండింటినీ ఒకేలా పలుకుతాం, లెక్చరర్ కూడా ఒకేలా పలుకుతారు, క్లాసులో విని రాసుకున్నదాంట్లో తేడా మిగలదు. స్ట్రోక్ పేషెంట్‌కి రెండూ ఉండొచ్చు కాబట్టి ప్రశ్నలో సందర్భం కూడా కాపాడదు. పెరీనియల్, పెరోనియల్ కూడా అంతే. మొదటిది మలద్వారానికి, జననాంగానికి మధ్య భాగం. రెండోది కాలి పక్క నరం, మోకాలి కింద కట్టు బిగుసుకుంటే నలిగి పాదం వాలిపోయేది దీనివల్లే. వివరణ తెలుగులో ఎంతైనా రాసుకోండి, మాట మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి.

ఇంగ్లిష్-తెలుగు వైద్య నిఘంటువులు పరీక్షకు పెద్దగా ఉపయోగపడవు, వార్డులో ఉపయోగపడతాయి. కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి, గవదబిళ్ళలు, బోదకాలు లాంటివి ఒకటికి ఒకటి సరిపోతాయి. కొన్ని సరిపోవు. 'మూర్ఛ' అన్న మాటను ఒకరు స్పృహ తప్పడానికి వాడతారు, ఇంకొకరు ఫిట్స్‌కి వాడతారు. 'గుండెపోటు' అంటే మయోకార్డియల్ ఇన్ఫార్క్షన్, రక్తం అందక గుండె కండరం దెబ్బతినడం. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె ఆగడం. ప్రశ్నను తెలుగులోకి మార్చుకుని ఆలోచించే అలవాటున్నవాళ్ళు ఈ రెండింటి దగ్గరే తప్పు ఆప్షన్ పెట్టి వస్తారు.

డిక్షనరీని 'ఏ' నుంచి చదవకండి. ముందు మాటల ముక్కలు పట్టుకోండి, ఓ వంద ముక్కలు రెండు వారాల్లో వస్తాయి. ఆటమీ అంటే కోసి తెరవడం, ఆస్టమీ అంటే తెరిచిన దారిని అలాగే ఉంచడం, ఎక్టమీ అంటే తీసేయడం. ముక్కలకూ మోసాలుంటాయి. 'మయెలో' అంటే వెన్నుపాము అని గుర్తుపెట్టుకుంటే పోలియోమయెలైటిస్‌కి సరిపోతుంది, ఆస్టియోమయెలైటిస్ దగ్గర దెబ్బ తింటారు. అక్కడ అది ఎముక మజ్జ. 'సర్వైకల్' మెడకూ అదే, గర్భాశయ ముఖద్వారానికీ అదే. ఇలాంటివాటికి డిక్షనరీలో 1, 2 అని అంకెలు వేసి అర్థాలు ఇస్తారు. రెండో అంకె దాకా చదవడం అలవాటు చేసుకోండి.

తర్వాత రోజూ మాక్ టెస్ట్‌లో తప్పుపోయిన ప్రశ్నల నుంచి పది మాటలు, అంతే. నోట్‌బుక్‌లో నాలుగు గడులు: మాట, దాని ముక్కలు, దానితో కలగలిసిపోయే ఇంకో మాట, ఏ ప్రశ్నలో తప్పు పోయింది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ మాట ఇంకా పూర్తి కానట్టే. మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు మొదటి గడి మూసి చూసుకోండి. ఒక్కో మాటకు రెండు నిమిషాలు దాటనివ్వకండి. ఒక ఎంట్రీలోంచి ఇంకో ఎంట్రీకి జారిపోతూ గంట గడిపేయడం చాలా తేలిక, పైగా చదివినట్టే అనిపిస్తుంది కూడా.

పొట్టి అక్షరాలకు వేరే పేజీ పెట్టండి. 'ఓడీ' మన చీటీల్లో రోజుకోసారి, కంటి విభాగంలో కుడి కన్ను. 'ఎంఎస్' మైట్రల్ స్టెనోసిస్, మల్టిపుల్ స్క్లిరోసిస్, మార్ఫిన్ సల్ఫేట్, ఏదైనా కావచ్చు. ఇన్సులిన్ యూనిట్లకు 'యు' అని ఒక్క అక్షరం రాయకూడదని ఎందుకు అడుగుతారంటే, ఆ 'యు' సున్నాలా కనిపించి 4 యూనిట్లు కాస్తా 40 అవుతాయి.

డిక్షనరీలో దొరకనివి కూడా తెలిసి ఉండాలి. బయోమెడికల్ వేస్ట్ 2016 నిబంధనల్లో మాయ (ప్లాసెంటా) పసుపు సంచిలోకి, క్యాథెటర్ ఎరుపులోకి, సూది తెల్ల డబ్బాలోకి, గాజు సీసా నీలంలోకి వెళ్తాయన్నది ఏ అమెరికన్ పుస్తకంలోనూ ఉండదు. మన క్షయ నివారణ కార్యక్రమం పేరు ఆర్‌ఎన్‌టీసీపీ నుంచి 2020లో ఎన్‌టీఈపీ అయిందన్నదీ ఉండదు. వాటికి కమ్యూనిటీ హెల్త్ పుస్తకం, మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలే దిక్కు. ఫౌలర్ పొజిషన్ ఎన్ని డిగ్రీలు లాంటి అంకెలు పుస్తకానికి పుస్తకానికి మారతాయి. అక్కడ మీ ఫండమెంటల్స్ టెక్స్ట్‌బుక్‌నే నమ్మండి.

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ (జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) వైపు వెళ్ళేవాళ్ళూ ఇదే ప్రశ్న అడుగుతారు కాబట్టి రెండు మాటలు. మీకు కచ్చితంగా అమెరికన్ డిక్షనరీయే కావాలి, అది కూడా నామవాచకం కింద పేర్చినదే. జబ్బుల కోడ్‌ల పుస్తకం ఐసీడీ-10-సీఎం ఇండెక్స్ నడిచేదీ ఇంచుమించు ఆ పద్ధతిలోనే: తొడ ఎముక విరిగితే 'ఫీమర్' దగ్గర కాదు, 'ఫ్రాక్చర్' దగ్గర వెతకాలి. వేళ్ళకు ఆ అలవాటు డిక్షనరీతోనే వచ్చేస్తుంది. కోడర్ల సర్టిఫికెట్ పరీక్ష సీపీసీలో 100 ప్రశ్నలకు 4 గంటలు, మూడు కోడ్ పుస్తకాలు తప్ప డిక్షనరీ లోపలికి రానివ్వరు. ఆటమీకి, ఆస్టమీకి కోడ్‌లు వేరు కాబట్టి ఆ తేడా హాల్‌లోకి వెళ్ళేసరికి తలలోనే ఉండాలి.

నర్సింగ్ పరీక్షకైనా ఆఖరి పది రోజులు డిక్షనరీ మూసేయండి. ఆ పది రోజులూ నోట్‌బుక్‌లో మూడో గడి మాత్రం చదవండి.